దుబాయి మామ కారు, నా క్లచ్ పరీక్ష

అచ్చులో చదివిందల్లా నాకు వచ్చేసినట్టే అనుకునే రోజులవి. ఆర్మూరులో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. అక్క పురిటికి మా ఇంటికి వచ్చింది. నొప్పులు మొదలైతే నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోవడానికి మా దుబాయి మామ (అమ్మకు తమ్ముడు, గల్ఫ్ నుంచి వచ్చి ఓ పాత కారు కొన్నాడు) సిద్ధంగా ఉన్నాడు. ఆ కారు మీద నమ్మకం లేనిది ఇంట్లో నాకొక్కదానికే. గేరు వేసినప్పుడల్లా కరకరమనేది. "పాత బండి గట్లనే మూలుగుతది బిడ్డా, నువ్వు ఫికర్ చెయ్యకు" అనేవాడు మామ. నేను ఫికర్ చెయ్యని రోజు ఏదైనా ఉందా? కారు దారిలో ఆగిపోయినట్టు, అక్క రోడ్డు పక్కనే నొప్పులు పడుతున్నట్టు పట్టపగలే కలలు వచ్చేవి.

అప్పుడే లైబ్రరీలో కార్ల మరమ్మతు పుస్తకం ఒకటి దొరికింది. క్లచ్ పూర్తిగా విడుతోందో లేదో తెలియాలంటే, ఇంజన్ నడుస్తుండగా క్లచ్ అడుగంటా తొక్కి, మొదటి గేరు వేసి, కాలు తియ్యకుండా ఉండాలట. బండి కదలకపోతే మంచిదే, కదిలితే క్లచ్ సరిగ్గా విడవడం లేదన్నమాట. మామను బతిమాలి వాకిట్లోనే పరీక్ష పెట్టించాను. కారు మెల్లగా పాకి, ఎండబోసిన పసుపు కొమ్ముల్లోకి ముక్కు దూర్చింది. "క్లచ్ పోయింది మామా!" అని అరిచాను (భయం కంటే సంబరమే ఎక్కువ వినిపించిందని అక్క ఇప్పటికీ అంటుంది). "మీ పరీక్షలు సల్లగుండ, నా పసుపంత తొక్కిస్తున్నరు!" అని అమ్మ పరుగెత్తుకొచ్చింది.

కారును వెనక్కి నెట్టాం. మామ కారులో తన కాళ్ల కింద పరిచిన గోనెసంచి లాగి నేల మీద వేసుకుని, కారు కిందికి దూరి, చేతికందిన ప్రతి నట్టూ పానాతో బిగించాడు. బయటికొచ్చి మళ్లీ తొక్కాడు. కారు కదల్లేదు! "సూసినవా? గిసొంటియి మస్తు సూసిన" అన్నాడు. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "ఇంకొక్కసారి మామా" అన్నాను. మామ సంచి దులిపి, మడతలు పెట్టి, మళ్లీ కాళ్ల కింద పరిచి (పసుపు పాదాలతో లోపలి కార్పెట్ పాడవుతుందని ఆయన బెంగ) క్లచ్ తొక్కాడు. కారు తిన్నగా పసుపులోకే పోయింది.

అరుగు మీద కూర్చున్న అక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మామా, గా సంచి తియ్యి ముందుగాల! పెడల్ కిందిదాక పోతలేదు, సంచి మీదనే ఆగుతుంది. మా చెల్లె పుస్తకంల సంచి ముచ్చట రాయలేదేమో!" అని, నవ్వి నవ్వి, "అమ్మా" అంది. ఆ "అమ్మా" నవ్వు కాదు, నొప్పులని మాకు తెలియడానికి కాస్త సమయం పట్టింది.

నిజామాబాద్ దాకా కారు ఎక్కడా ఆగలేదు, గేరు కూడా మూలగలేదు. వెనక సీట్లో అక్కకు అటు అమ్మ, ఇటు నేను. ఆ సంచి మళ్లీ మామ కాలి కిందికి పోతుందేమోనని దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. అక్క చెయ్యి నా వైపు రెండుసార్లు వచ్చి, ఖాళీగా వెనక్కి పోయింది. సాయంత్రానికి పాప పుట్టింది, అందరూ క్షేమం.

మొన్న నా పురిట్లో అక్క చెయ్యి కమిలిపోయేలా పట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ కారులో సంచి పట్టుకున్న పిల్లే, ఆనాటి నేనే, గుర్తొస్తోంది. ఎదురైతే చెబుదును: "పిచ్చిదానా, నువ్వు అక్క చెయ్యి పట్టుకో. ఆ సంచి ఇటివ్వు, నేను పట్టుకుంటాను."