టీచరమ్మ మూయని డిస్కులు

మా ట్యూషన్ టీచరమ్మ పోయిన నెల వికారాబాద్‌లో, చెల్లెలి ఇంట్లో చనిపోయారు. తాండూరులో ఆమె దగ్గర చదువుకున్న చాలామందికి ఈ సంగతి ఇంకా తెలియదు. మనసు కుదుటపడ్డాక నెమ్మదిగా రాద్దామనుకున్నాను. కానీ ఆమె మన గురించి తీసిన వీడియో డిస్కులు ఇప్పుడు కందిచేలలో వేలాడుతున్నాయి. ఎండ వాటిని రోజూ కొంత తినేస్తున్నది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. కోపంతో రాస్తున్నాను, క్షమించండి. నిజానికి కోపం కంటే అసహ్యమే ఎక్కువ.

నాపరాయి పాలిష్ పట్టే మిషన్ల వెనక వీధిలో ఆమెది రెండు గదుల ఇల్లు. సాయంత్రం మిషన్ల మోత ఆగగానే మేమంతా పలకలు పట్టుకుని వెళ్లేవాళ్లం. మా ఇళ్లలో అంతకుముందు బడికి పోయినవాళ్లు లేరు. ఎవరైనా వేలు తడి చేసుకుని పేజీ తిప్పితే చాలు, టీచరమ్మ ముఖం చిట్లించుకునేవారు. "ఛీ! నీ ఎంగిలి అక్షరాలకు తినిపిస్తవా?" అనేవారు. తర్వాత ఆ పిల్లకే ముందుగా బెల్లం ముక్క పెట్టేవారు.

ఆమె తమ్ముడు దుబాయి నుంచి ఒక వీడియో కెమెరా తెచ్చిచ్చాడు. అరచేతిలో పట్టే చిన్న డిస్కుల మీద రికార్డయ్యే రకం. దానికి ఆమె ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటికొక డిస్కు. ఆ ఇంట్లో మొదటిసారి ఎవరైనా ఒక పేజీ మొత్తం తప్పు లేకుండా చదివితే డిస్కు తెరిచి రికార్డు చేసేవారు. తర్వాత చెల్లెలు చదివినా, తమ్ముడు చదివినా అదే డిస్కు మీదే. పైన మార్కర్‌తో ఆ ఇంటి తల్లి పేరు రాసేవారు, తండ్రిది కాదు. "పొద్దుగాల లేపి పంపినామె పేరుండాలె" అనేవారు.

ఆ డిస్కులు వేరే మిషన్లో ఆడాలంటే చివర కెమెరాలో ఒక బటన్ నొక్కి వాటిని ముగించాలి. ముగించాక ఇంకేమీ రికార్డు కాదు. పదో తరగతిలో ఉండగా నేను అడిగాను.

"టీచరమ్మా, ఇది మూసేస్తే టీవీల చూడొచ్చు గద?"

"మూస్తే ఇంగొకళ్లు పట్టరు బిడ్డా. మీ ఇంట్ల నీ తర్వాత ఎవ్వరు చదువరా?"

ఆమె ఒక్క డిస్కును కూడా మూయలేదు. అందరం ఆ కెమెరా పక్కనున్న బుల్లి తెర మీదే తలలు గుద్దుకుంటూ చూసుకునేవాళ్లం. కొన్నేళ్లకు కెమెరా పాడైంది. ఇక ఏ మిషన్లో పెట్టినా ఆ డిస్కులు ఖాళీ అనే కనిపిస్తాయి.

మా ఇంటి డిస్కులో నేనున్నాను, నా తమ్ముడున్నాడు. ఆఖర్న మా నాయన ఉన్నాడు. ఒక సాయంత్రం నన్ను తీసుకుపోవడానికి పాలిష్ మిషన్ పని నుంచి నేరుగా వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు. పిక్కల దాకా తెల్లటి రాయిబురద ఎండిపోయి ఉంది.

"కాళ్లు మంచిగ లేవమ్మా, ఈడనే ఉంట."

"నువ్వు కాళ్లతోని చదువుతవా? కూసో."

నేను ఇంట్లో నేర్పిన అక్షరాలు కూడబలుక్కుని నాయన ఒక వాక్యం చదివాడు. చదివి, "చాలమ్మా, రాయి మోస్తే గూడ గింత చెమట రాదు" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా రికార్డయింది. తర్వాత దుమ్ముకు ఊపిరితిత్తులు పోయి నాయన చనిపోయాడు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు.

టీచరమ్మ దినాలకు వికారాబాద్ వెళ్లినప్పుడు ఆమె చెల్లెలి కొడుకును డిస్కుల గురించి అడిగాను.

"అవా? కంప్యూటర్ షాపాయన ఖాళీ అన్నడక్కా. టూత్‌పేస్టు గూడ రుద్ది చూసిండు."

"పేస్టా?"

"గీతలు పోతయంట. పోలె. ఒకదాన్ని పెడితే కంప్యూటర్ ఏదో అడిగింది, ఎస్ కొట్టిండు. గా డిస్కు మొత్తం తుడుచుకపోయింది."

"మిగిలినయి?"

"మొన్న బువ్వకొచ్చినోళ్లు తలా ఇన్ని తీస్కపోయిండ్రు. మస్తు మెరుస్తున్నయి, చేన్ల చిలుకలు రాకుంట కడ్తమన్నరు. నువ్వు గింత పరేషాన్ అయితవని నాకేమెరుక?"

పక్కన భోజనం చేస్తున్న ఒక పెద్దాయన పళ్లలో ఇరుక్కున్న మాంసం ముక్కను పుల్లతో తీసుకుంటూ అన్నాడు: "బతికినన్నాళ్లు ఊరోళ్ల పిల్లల్ని పిలిచింది, ఇప్పుడు పిట్టల్ని తోలుతది. తోలనియ్యి." బంతిలో కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. ఇలాంటివాళ్లే చనిపోయినామె పేరున తిని, ఆమె కష్టాన్ని సంచుల్లో వేసుకుని పోయారు. పైన తల్లుల పేర్లు రాసి ఉన్నాయి. ఒక్కరు కూడా ఆగి చదవలేదు.

నేను పరిగిలో ఒక బడిలో కంప్యూటర్ చెప్తాను. పూడూరు దారిలో బస్సు కిటికీలోంచి ఒక చేను మీద తళుకు చూసి దిగిపోయాను. ఆ రైతు మంచివాడు, అడగగానే విప్పి ఇచ్చాడు. డిస్కు మీద పిట్టల రెట్ట ఎండిపోయి ఉంది. నీళ్లతో తడిపి కడిగి, వెలుగులో వంచి చూశాను. లోపలి అంచు నుంచి కొంత మేర రంగు వేరుగా, గుండ్రటి పట్టీలా ఉంది. రాసింది ఉంటేనే అలా ఉంటుంది. ఖాళీ డిస్కు అంతా ఒకే రంగులో ఉంటుంది. ఆ షాపాయన దీన్ని ఒక్కసారి వెలుతురుకు పట్టి చూడలేకపోయాడు!

మా బడి పాత కంప్యూటర్ కూడా ఖాళీ అనే అన్నది, ఫార్మాట్ చేయమంటావా అని అడిగింది. వద్దన్నాను. మూయని డిస్కును లోపలి నుంచి ముక్కలు ముక్కలుగా చదివే సాఫ్ట్‌వేర్ ఒకటి వెతికి పెట్టాను. చాలాసేపటికి బొమ్మ వచ్చింది. రెండు జడల పిల్ల గోడకు ఆనుకుని చదువుతున్నది. డిస్కు మీద పేరు ఎండకు వెలిసిపోయింది, ఆ పిల్ల ఎవరో నాకు తెలియదు. ఒక చోట తడబడి ఆగిపోయింది. కెమెరా వెనక నుంచి టీచరమ్మ గొంతు, మెత్తగా: "ఆగు. ఊపిరి తీస్కో. అక్షరం యాడికి పోదు."

ఆ పిల్ల ఊపిరి తీసుకుని పేజీ పూర్తి చేసింది.

మా ఇంటి డిస్కు ఇంకా దొరకలేదు. కరణ్‌కోట వైపో, పూడూరు వైపో ఏదో ఒక చేనులో ఉంటుంది. మీ చేనులో గాని, మీ ఆటో అద్దానికి గాని అలాంటి చిన్న డిస్కు వేలాడుతుంటే దాన్ని రుద్దకండి, ఏ మిషన్లోనూ పెట్టకండి. విప్పి, కాగితంలో చుట్టి నీడలో ఉంచండి. దాని మీద ఎవరి పేరున్నదో ఈ పత్రికకు రాయండి, నాకు చేరుతుంది. కోతలు మొదలైతే ఇవి కందికట్టెలతో కలిసి పొయ్యిలోకి పోతాయి. కాబట్టి ఈ నెల ఇరవయ్యో తేదీ లోపు చెప్పండి. మీరు పిలిస్తే నేనే వస్తాను. చిలుకలను తోలడానికి మెరుపు రిబ్బన్ తెచ్చి, దాని స్థానంలో నా చేత్తోనే కట్టి పోతాను.