రొట్టెల బడి నుంచి కరీంనగర్ పరీక్షకు

బోథ్ నుంచి కరీంనగర్ పోవాలనుకునేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. పొద్దున ఆరింటి నిర్మల్ బస్సు వదులుకోకండి. దాని తర్వాతది వస్తుందో రాదో నడిపేవాళ్లకు కూడా తెలియదు. మార్చి నెలలో ఆ బస్సు కోసమే మేము చీకటితోనే ఎడ్లబండి కట్టించుకొని మా ఊరి నుంచి వచ్చాం. మేమంటే నేనూ, నా బిడ్డ సుగుణా. ఆమె కరీంనగర్‌లో ఏడో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాలి. పాసైతే అక్కడే బడికి దగ్గరున్న మా అన్న ఇంట్లో ఉండి ఎనిమిదిలో చేరుతుంది. తప్పితే మళ్లీ ఇంట్లోనే.

ఇంటి చదువు మేము కోరుకున్నది కాదు. రెండేళ్ల కింద సుగుణకు కీళ్ల జ్వరం వచ్చి గుండె మీద పడింది. నడవొద్దన్నాడు డాక్టరు. బోథ్ బడేమో మాకు మూడు మైళ్లు. మంచం మీద ఉండగానే బడిలో పేరు కొట్టేశారు. నేను పుట్టింట్లో ఎనిమిది దాకా చదివినదాన్ని. పుస్తకాలు తెప్పించండి, నేనే చెబుతానని మా ఆయన దగ్గర మొండికేశాను.

చెబుతానన్నాను గానీ తీరిక ఏది? పొద్దంతా పత్తిచేను. ఇక మిగిలింది రొట్టెలు చేసే వేళ. చేతులకు జొన్నపిండి, కళ్లలో పొగ, పుస్తకం చూసే వీల్లేదు. అందుకని సుగుణ ప్రతిదీ పైకి చదవాలి. రాసేటప్పుడు కూడా పైకి చెబుతూనే రాయాలి. చెప్పేది సరిగ్గా ఉంటే పీట మీద నా చేతి చప్పుడు టపటపా సాగుతుంది. తప్పు వస్తే ఆగుతుంది. ఆగగానే ఆమె వెనక్కి పోయి దిద్దుకునేది. వాడకట్టువాళ్లు మా ఇంటికి రొట్టెల బడి అని పేరు పెట్టి నవ్వేవాళ్లు.

సుగుణకు మాత్రం అది బడి కాదు. సాయంత్రం పిల్లలు సంచులు ఊపుకుంటూ వస్తుంటే గోడ పట్టుకొని చూసేది. "అవ్వా, నా జాగల ఇప్పుడు ఎవలు కూసుంటున్నరో" అనేది. మా వైపు అమ్మను అవ్వ అనే పిలుస్తారు. నేను పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసేదాన్ని.

ఆరింటి బస్సు ఆరున్నరకు కదిలింది. కండక్టరు వచ్చి "పాపకు అర టికెట్టేనా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా సుగుణ బస్సంతా వినబడేలా "నాకు పదమూడు నిండినయ్ సార్" అంది. ఇంకేముంది, ఫుల్ టికెట్టు. పక్కన నేరడిగొండకు పోతున్న మరాఠీ ముసలామె ముక్కు మీద వేలేసుకుంది.

"అగ బాయీ! గంత గట్టిగ చెప్పాల్నా బిడ్డా?"

"మా ఇంట్ల అందరం గట్టిగనే మాట్లాడుతం" అంది సుగుణ.

ఘాట్ రోడ్డు దిగుతుంటే అడవంతా మోదుగపూలు. నేను కిటికీలోంచి చూస్తుంటే ఆమె సాంఘికశాస్త్రం తీసి పైకి మొదలుపెట్టింది. కాసేపటికి ముందు సీట్లవాళ్లు కూడా వినసాగారు. వెనక నుంచి ఒక రైతు "గా రాజు కొడుకు ఎవలన్నవ్? మళ్లొక్కసారి చెప్పు" అన్నాడు. అందరూ నవ్వారు. ఒళ్లో సంచి మీద నా చెయ్యి దానంతట అదే ఆడుతోంది.

నిర్మల్‌లో దిగేసరికి తొమ్మిది దాటింది. బస్టాండు బయట మిరపకాయ బజ్జీలు బాగుంటాయి, చాయ్ మాత్రం చక్కెర నీళ్లే. అక్కడ కరీంనగర్ బస్సెక్కాం. సోన్ వంతెన కింద గోదావరి సన్నగా, రాళ్ల మధ్య పారుతోంది. అందరూ పైసలు విసురుతుంటే సుగుణ దండం పెట్టుకుంది. ఏం మొక్కిందో నేను అడగలేదు. నేనూ మొక్కుకున్నాను, పాస్ కావాలని. ఆ వెంటనే, పాసైతే ఇల్లు ఎట్లా ఉంటుందో తలపుకొచ్చి గుబులైంది. ఆర్మూరు దాటాక మెట్‌పల్లిలో పసుపు వాసన బస్సులోకి కొట్టింది. జగిత్యాలలో తెచ్చుకున్న రొట్టె, వెల్లిపాయ కారం తిన్నాం. మూడున్నరకు కరీంనగర్ చేరితే అన్న బస్టాండులోనే ఉన్నాడు.

మర్నాడు తెలుగు పరీక్ష. నేను బడి గేటు దగ్గరే కూర్చున్నాను. గంట కొట్టి ఎక్కువసేపు కాలేదు, ఒక టీచరమ్మ విసవిసా వచ్చింది.

"సుగుణ తల్లి నువ్వేనా? మీ బిడ్డ నోరు మూస్తలేదు. పక్కపిల్లలకు జవాబులు అందిస్తున్నదని లేపిన."

నేను లేచి చేతులు జోడించాను. "అందించుడు కాదు టీచరమ్మా. ఇంట్ల గట్లనే రాస్తది. నోరు కదలంది చెయ్యి కదలదు. జర దయ చూడుండ్రి."

ఆమె నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. తర్వాత వరండా చివర, ఎవరికీ వినబడని చోట ఒక బెంచీ వేయించింది. గేటు నుంచి నాకు సుగుణ కనిపిస్తూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. ఒక ముక్క రాసి తల ఎత్తుతోంది, చెవి పెట్టి వింటోంది, మళ్లీ కాగితం వైపు చూస్తోంది. ఏం వెతుక్కుంటోందో నాకు తెలుసు. ఆగలేకపోయాను. గేటు రేకు మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టాను, టపటపా.

సుగుణ ఇటు చూడలేదు. కానీ చెయ్యి సాగింది.

"ఏందమ్మా గా చప్పుడు?" అని గేటుకాడి అటెండరు కసిరాడు. "చేతులు తిమ్మిరెక్కినయ్ అన్నా" అన్నాను.

ఆ రాత్రి అన్నం తింటూ సుగుణ నా వైపు చూడకుండా అంది. "రేపు నువ్వు గేటుకాడికి రాకవ్వా. నేను లోపల్లోపలనే చెప్పుకుంట. బళ్ల అందరు గట్లనే రాస్తరట."

మిగిలిన రోజులు అన్న తీసుకుపోయి తీసుకొచ్చాడు. నేను వదినతో అప్పడాలు ఒత్తుతూ గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆఖరి రోజు మాత్రం పోయాను. టీచరమ్మే ఎదురొచ్చింది.

"మళ్ల అందరి నడుమనే కూసోబెట్టిన. పెదవి కదల్చలే. అన్ని రాసింది. పాసైతది. జూన్ల బడికి తోల్కరాండ్రి" అంది.

సుగుణ ఆ బడి వరండాలో ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకసారి నడిచి వచ్చింది. ఆ మొహంలో వెలుగు చూసి రెండేళ్ల కష్టం మరిచిపోయాను.

మర్నాడు పొద్దున తిరుగు బస్సు. ఈ దారిన పోయేవాళ్లు ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. జగిత్యాల దాటాక సుగుణ తన మేనమామ కొనిచ్చిన కథల పుస్తకం తీసింది. పాట వినబోతున్నట్టు సర్దుకొని కూర్చున్నాను. ఎంతకీ మాట లేదు. చూస్తే కళ్లు పరుగెడుతున్నాయి, పెదవులు మూసే ఉన్నాయి.

"ఏం కథనే?"

"ఆగవ్వా, అయినంక చెప్త."

ఇన్నాళ్లూ ఆమె చదివిన ప్రతి అక్షరం నా చెవిలోంచే పోయింది. ఇప్పుడు పక్కనే కూర్చుని నాకు తెలియని ఊరికేదో పోతోంది. నేను కోరుకున్నది ఇదే కదా, మరి ఆ గొంతు కోసం ఇంత ఆశ ఏమిటి? సంచి మీద నా చెయ్యి మెల్లగా తట్టడం మొదలుపెట్టింది. సోన్ వంతెన మీద ఆ తట్టడం కావాలనే ఆపి చూశాను.

సుగుణ ఆగలేదు. పేజీ తిప్పింది.