విప్పి చూడని డబ్బా

నా నోరు మంచిది కాదని మా వాళ్లంతా అంటారు. కాదనను. హనుమకొండ చౌరస్తా దగ్గర ఇరవై ఏళ్లకు పైగా పచ్చళ్లు, పొడులు అమ్ముతున్నాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బేరం చేసేది నేనే, తడి సరుకు అంటగట్టబోయిన వాడిని నలుగురిలో కడిగేసేదీ నేనే. మా ఆయన మెతక మనిషి, గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. నోరు లేకపోతే బజారులో బతకలేమని నేను గొప్పగా చెప్పుకునేదాన్ని. ఆ నోటితోనే ఒక ఆడపిల్లను జైలుపాలు చేశాను. ఆమెను విడిపించండని మైకు ముందు అరిచింది కూడా ఆ నోటితోనే. చెప్పాల్సిన ఒక్క మాట మాత్రం నెలల తరబడి గొంతు దాటి రాలేదు.

మా దుకాణంలో ఫారిన్ ప్యాకింగ్ అని ఒక పని ఉంది. బయటి దేశాలకు పోయేవాళ్లు ఇంట్లో చేసుకున్న కారం, పసుపు, తొక్కు తెస్తే మందపాటి కవర్లో పెట్టి, గాలి తీసేసి, మిషన్ మీద సీల్ చేసి ఇస్తాం. దానికి నేనే ఒక పద్ధతి పెట్టాను. ఎవరు ఏ డబ్బా తెచ్చినా మూత తీయాలి, పొడుగు చెంచా అడుగుదాకా దించి కలిపి చూడాలి, ఆ తర్వాతే మిషన్ మీద పెట్టాలి. ఒకసారి బూజు పట్టిన తొక్కు అలాగే సీల్ చేసి ఇచ్చి నానా మాటలు పడ్డాం. అప్పటి నుంచి ఆ చెంచా నా చేతి కిందే ఉంటుంది.

ఇంకో పద్ధతి ఉంది, అది మా దుకాణానిది కాదు, మా ఊరందరిది. ఒకరు విమానం ఎక్కుతున్నారంటే వాళ్ల బ్యాగులో సగం ఊరిది. జర ఈ పొట్లం మా తమ్మునికి, జర ఈ మందులు మా బిడ్డకు అంటూ తెచ్చి ఇస్తారు. తీసుకుపోనన్న వాళ్లకు కండ్లు నెత్తికెక్కినయని పేరు పెడతాం. ఎంతమందికో నేనే పెట్టాను ఆ పేరు.

ఆ పిల్లది నర్సంపేట దగ్గర పల్లె. తండ్రికి కొద్దిపాటి పొలం, మిర్చీ పత్తీ వేస్తాడు. నర్సింగ్ చదివిన నాలుగేళ్లూ హనుమకొండ హాస్టల్లో ఉండి, అక్కడి కూరలు గొంతు దిగక వారానికోసారి నా దగ్గరికి నువ్వుల పొడికి వచ్చేది. ఆంటీ, ఆంటీ అంటూ కౌంటర్ మీద మోచేతులు ఆనించి కబుర్లు చెప్పేది. గల్ఫ్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు నేను బజారంతా చెప్పుకున్నాను. ప్రయాణానికి మూడు రోజుల ముందు, తల్లి చేసిన కారం, పసుపు ప్యాక్ చేయించుకోవడానికి వచ్చింది.

అప్పుడే ఒక మనిషి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, ఉతికిన చొక్కా, మెత్తటి మాట. పిల్ల ఏ దేశం పోతోందో విని, మా చెల్లె కూడా అక్కడే ఉంటుందని, నీళ్లోసుకుందని, ఇంటి కారం మీదికి మనసు పోతోందని చెప్పాడు. చేతిలో కారం డబ్బా ఉంది. తీసుకుపోతావా బిడ్డా, చెల్లెలి భర్త విమానం దగ్గరికే వచ్చి తీసుకుంటాడని అడిగాడు. పిల్ల నసిగింది. ఏమనుకోవద్దని, తెలియని వాళ్ల సామాను పట్టుకురావొద్దని పోయేవాళ్లకిచ్చే ట్రైనింగ్‌లో చెప్పారని అంది.

కౌంటర్ ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. పొద్దుటి నుంచి కారం ఘాటుకు నా తల దిమ్మెక్కి ఉంది. నన్ను ఎవరు అడిగారు? ఎవరూ అడగలేదు. అయినా అందుకున్నాను.

"ఏందే, ఇమానం ఎక్కకముందే గింత మారినవా? కడుపుతోటి ఉన్న ఆడిది కారం అడిగితె, గా పావుశేరు డబ్బా మోస్తె నీ రెక్కలు ఇరుగుతయా? రేపు నీకు అవసరం పడితె ఎవలు మోస్తరు?"

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. పిల్ల ముఖం ఎర్రబడింది. చెయ్యి చాపింది.

డబ్బా ముందు నా చేతికి వచ్చింది, సీల్ చేయాలి కదా. మూత చుట్టూ టేపు వేసి ఉంది. చెంచా అందుకున్నాను కూడా. మా అమ్మ నిన్ననే గట్టిగా కట్టింది, విప్పితే తేమ పడుతుందేమో అక్కా అన్నాడతను. నాకు తేమ సంగతి తెలియకనా? కానీ అంతకు ముందు క్షణమే కదా అందరి ముందూ ఆ పిల్లను దులిపాను. ఇప్పుడు నేనే టేపు ఊడదీసి లోపల ఏముందో చూస్తే ఆ పిల్ల అనుమానమే నిజమైనట్టు, నా మాట ఉత్తదైనట్టు. నా మాట నెగ్గాలి. చెంచా పక్కన పెట్టి డబ్బాను అలాగే మిషన్ మీద పెట్టాను.

వారం తిరగకముందే ఆ పిల్ల ఫొటో అందరి ఫోన్లలోకీ వచ్చింది. అక్కడి విమానాశ్రయంలో పట్టుకున్నారట, కారం అడుగున మత్తుమందు దొరికిందట. పొడుగు చెంచా కళ్ల ముందే ఉంది, డబ్బాల మధ్య నిలబెట్టి.

మొదటి రెండు రోజులు జనం తిట్టారు. డబ్బు ఆశకు పోయిందన్నారు, చదువుకున్నది తెలియకుండా మోస్తుందా అన్నారు. తర్వాత ఆమె క్లాసు పిల్లలు బయల్దేరారు. హాస్టల్లో జ్వరమొచ్చిన వాళ్లందరికీ ఆమె చేసిన సేవ చెప్పారు. తల్లి పొలంలో కూలబడి ఏడుస్తున్న వీడియో వచ్చింది. దాంతో గాలి మారింది. మన ఆడబిడ్డను కాపాడాలి అని చౌరస్తాలో ఫ్లెక్సీ కట్టారు. సంతకాలు మొదలయ్యాయి. మొదటి కాగితం మీద మొదటి సంతకం నాది.

సానుభూతి చూపడం అంత సుఖంగా ఉంటుందని నాకు అంతకు ముందు తెలియదు. అందరితో కలిసి ఏడిస్తే మనం మంచివాళ్లమైనట్టే ఉంటుంది, ఎవరూ మనల్ని ఏమీ అడగరు. సాయంత్రం కొవ్వొత్తుల ర్యాలీ తీస్తే ముందు వరసలో నడిచాను. ఎవరో మైకు పెడితే, మా బిడ్డకు ఏ పాపం తెలియదు, ఎవడో దుర్మార్గుడు అమాయకురాలి చేతిలో పెట్టాడని ఏడ్చాను. నిజంగానే ఏడ్చాను. ఆ వీడియో ముక్క వేలమంది చూశారు. కొత్త మనుషులు దుకాణానికి వచ్చి, మీరే కదమ్మా మొన్న మాట్లాడింది అని చేతులు పట్టుకుని, పోతూ పోతూ రెండు పచ్చళ్లు కొనుక్కుని పోయారు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ఆ వారం గిరాకీ పెరిగింది.

ఎదుటి బట్టల దుకాణం ఆయన ఒక్కడే ఒకరోజు, ఎంత అమాయకురాలైనా డబ్బా విప్పి చూసుకోవాలి కదా అన్నాడు. నడిబజారులో ఆయన్ను పట్టుకుని దుమ్ము దులిపాను. నీకూ ఆడపిల్లలున్నారు, నోరు కడుక్కో అన్నాను. ఆయన నొచ్చుకుని, అది కాదమ్మా, మీ దగ్గరైతే చెంచా పెట్టి చూడందే సీల్ చేయరు కదా, ఆ పిల్ల మీ దగ్గర చేయించుకున్నా బతికిపోయేది అనుకుంటున్నా, అన్నాడు. నేను లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆ పూట మళ్లీ కౌంటర్ దగ్గరికి పోలేదు. తలనొప్పి అనుకున్నాడు మా ఆయన.

ర్యాలీకి రెండు రోజుల ముందు ఆ పిల్ల తండ్రి వచ్చాడు. అదే మొదటిసారి ఆయన్ను చూడటం. చేతిలో బీరకాయల సంచి. ఉత్త చేతులతో ఎట్లా రావాలని తెచ్చానన్నాడు. జైలు నుంచి బిడ్డ ఫోన్ చేసిందట. డబ్బా ఇచ్చినవాడు మా దుకాణం బయట మెట్ల మీద ఇచ్చాడని చెప్పిందట. మీ కెమెరాలో వాడి ముఖం పడి ఉంటుందేమో జర చూడక్కా అని అడిగాడు.

బయట మెట్ల మీద! అది విన్నప్పుడు నాకు కలిగింది జాలి కాదు, నిమ్మళం. పిల్ల నా పేరు ఎత్తలేదు. నేను తిట్టిన మాట చెప్పలేదు, సీల్ చేసిన మాట చెప్పలేదు. ఆ నిమ్మళం మీద నిలబడి, కెమెరా ఖరాబైంది తమ్మీ, నెల నుంచి పనిచేస్తలేదు అన్నాను. మా ఆయన గల్లాపెట్టె దగ్గర తల వంచుకున్నాడు. ఆయనే భయపడి వద్దన్నాడని రాస్తే నాకు తేలికగా ఉంటుంది. కానీ ఆయన ఏమీ అనలేదు. అబద్ధం నాది.

మా కెమెరాలో ఇరవై రోజుల వరకు బొమ్మ ఉంటుంది, ఆ తర్వాత దానంతట అదే పోతుంది. ఆయన వెళ్లాక ఆ రోజుది తీసి చూశాను. మాట వినపడదు. వాడి ముఖం తేటగా కనిపిస్తోంది. పిల్ల తల అడ్డంగా ఊపుతోంది, వద్దు అంటోంది. కౌంటర్ ఇవతల ఒక లావుపాటి ఆడమనిషి చెయ్యి తిప్పుతూ మీదికి పోతోంది. నేను ఎట్లా కనబడతానో నాకు అప్పుడే తెలిసింది. పిల్ల చెయ్యి చాపిన దగ్గర ఆపేశాను.

ఆ వీడియోను నేను తుడిపేయలేదు. తుడపాల్సిన పనే లేదు, ఊరికే కూర్చుంటే చాలు. చేతిలో కొవ్వొత్తి పట్టుకుని నేను నడిచిన సాయంత్రం అది ఇంకా దుకాణంలోనే ఉంది. ఇంకో వారానికి పోయింది.

తర్వాత జనం మెల్లగా మరిచిపోయారు. ఫ్లెక్సీ వానకు చిరిగింది. అక్కడ కేసు నడుస్తూనే ఉంది. తండ్రి మాత్రం హనుమకొండలో వకీలు దగ్గరికి వచ్చినప్పుడల్లా మా దుకాణానికి వచ్చేవాడు. ఒకసారి సొరకాయ, ఒకసారి పచ్చి పెసరకాయలు. అందరు మరిచిపోయినా నువ్వు మరువలె అక్కా అనేవాడు. నేను అన్నం పెట్టి పంపేదాన్ని. ఆయన తింటుంటే ఎదురుగా కూర్చోలేక ఏదో ఒక పని కల్పించుకునేదాన్ని.

చలికాలంలో ఒకరోజు వచ్చాడు. అనపకాయలు నాకు ఇష్టమని ఎప్పుడో అన్నానట, పాత సంచి నిండా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. మనిషి సగమయ్యాడు. బిడ్డ మాట అక్కడ ఎవరూ నమ్మడం లేదని చెప్పాడు. పట్టుకున్న రోజు దుకాణం లోపల ఇచ్చాడని చెప్పిందట, మర్నాటి నుంచి మెట్ల మీద అంటోందట. లోపల ఎవరున్నారని అడిగితే నోరు మెదపడం లేదట. అబద్ధం చెప్తోంది కాబట్టి వాడితో కలిసే చేసిందని అక్కడివాళ్లు అనుకుంటున్నారట. అదే నిలబడితే ఎన్నేళ్ల శిక్ష పడుతుందో చెప్పలేమన్నాడట వకీలు.

"ఎవర్నో దాస్తాంది అంటాండు వకీలు. ఎవర్ని దాస్తది అక్కా? మాకు ఎవరున్నరు?" అన్నాడు. కళ్లు తుడుచుకుని, "ఫోన్ చేసినప్పుడల్లా నిన్నే అడుగుతది. ఆంటీ మంచిగున్నదా, షాపు మంచిగ నడుస్తాందా, ఆంటీకి ఏం తిప్పలు లేదు గదా అంటది" అన్నాడు.

నాకు తెలిసిపోయింది. నన్ను కాపాడబోయి ఆ పిల్ల మునిగిపోతోంది. అరుస్తూ తిరిగిన నేను ఆమెకు చేసింది ఏమీ లేదు. జైల్లో కూర్చుని ఆమె నాకు చేస్తోంది.

"తమ్మీ, బిడ్డ మెట్ల మీద తీసుకోలె" అన్నాను. "లోపట, నా ముంగట తీసుకున్నది. వద్దు అన్నది. నేనే తిట్టి తీసుకునేటట్టు చేసిన. విప్పి చూడకుంట సీల్ చేసింది నేనే."

ఆయన గోడ మీద కెమెరా వంక చూశాడు.

"గప్పుడు అది?"

"మంచిగనే ఉండె."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, తిట్లు నాకు అలవాటే.

మర్నాడు వకీలు నా మాటలన్నీ రాసుకున్నాడు. కింద సంతకం పెట్టాను. అది అక్కడి కోర్టుకు చేరింది, ఇంకా చూస్తున్నారు. మనిషి మాట కన్నా వీడియో ఉంటే కేసు వేరేగా ఉండేదమ్మా అన్నాడు వకీలు. పోలీసులు నన్ను కూడా రెండుసార్లు పిలిచారు. బజారులో నా గురించి ఏమనుకుంటున్నారో వినబడుతూనే ఉంది. ఎదుటి బట్టల దుకాణం ఆయన మాత్రం ఏమీ అనడు. మేం ఒకరినొకరు పలకరించుకోవడం మానేశాం. ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు దుకాణంలో ఆయన నన్ను ఒక్కటే అడిగాడు.

"వకీలు ముంగట గిదే మాట చెప్తవా?"

చెప్తానన్నాను.

"రేపు పదింటికి రా."

అక్కా అనలేదు. కౌంటర్ మీద పెట్టిన అనపకాయల సంచి తీసుకుని, చంకన పెట్టుకుని, మెట్లు దిగి పోయాడు.