గీత దాకా వెళ్ళి వెనక్కొచ్చిన రైడర్

కెనడాలోని వాటర్లూలో వేలమంది చదువుకున్నారు. వాళ్ళలో చేతికందిన గెలుపును వదిలేసి బంతితో సహా వెనక్కి పరిగెత్తిన ఘనత మాత్రం నాదే. చెబుతాను, నవ్వుకోండి. నాకూ ఈమధ్యే నవ్వడం వచ్చింది.

మనవాళ్ళు విమానాలకు విమానాలు నిండి కెనడాలో దిగుతున్న రోజులవి. పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపు. విజయనగరంలో నేను మా కాలేజీ కబడ్డీ జట్టు రైడర్ని. కూతకెళ్ళానంటే ఇద్దర్ని తాకి గాని వచ్చేదాన్ని కాదు. ఇక్కడ నేను కాఫీ ఇచ్చే అమ్మాయిని, అంతే. ఆట మీద ఎంత బెంగంటే, బస్టాపులో కూడా మోకాళ్ళు వంచి నిలబడేదాన్ని. మళ్ళీ ఒక్కసారి ఎవరైనా నన్ను ప్లేయర్ అంటే చాలనిపించేది.

మా షాపుకి డానీ అని ఒకాయన వచ్చేవాడు. ఇంగ్లండ్‌లో పదేళ్ళు ప్రొఫెషనల్‌గా రగ్బీ లీగ్ ఆడి, మూడుసార్లు ముక్కు విరగ్గొట్టుకుని, మోకాలు మొండికేశాక ఇక్కడ అమ్మాయిల జట్టుకి కోచ్ అయ్యాడు. నా కబడ్డీ గొప్పలు విని, "శనివారం సెలక్షన్ ఉంది, రా. ఒక్క చోటే ఖాళీ," అన్నాడు.

"రూల్స్ ఏంటి కోచ్?"

"బంతి పట్టుకుని అవతలి గీత దాటు. నేలకి ఆనించు. నాలుగు పాయింట్లు."

ఓస్, ఇంతేనా అనుకున్నాను. నా రూమ్మేట్ స్వప్నది కరీంనగర్. "పైలమే, పండ్లు రాలగొట్టుకునేవు," అంటూ తనూ వెంట వచ్చింది.

సెలక్షన్ ఆట చివర్లో బంతి నా చేతికొచ్చింది. ఒకమ్మాయిని తప్పించాను. ఇంకో ఇద్దరు మీదికొచ్చారు. నాకు తెలియకుండానే "కబడ్డీ కబడ్డీ" అని కూత మొదలైంది. ఇదేదో మంత్రమనుకున్నారో ఏమో, ఇద్దరూ జంకి పక్కకి జరిగారు! ఇక మిగిలింది ఒక్కతే. ఆమె వెనకే గీత. వంగి, ఆమె భుజాన్ని టక్కున తాకాను.

తాకి, వెనక్కి తిరిగి, లగెత్తాను.

"నో! నో!" అని మా జట్టంతా అరుస్తోంటే మెచ్చుకుంటున్నారనుకున్నాను. మధ్యగీత దాటి, చెయ్యెత్తి, "నువ్వు ఔట్, బయటికెళ్ళు!" అని ఆ అమ్మాయికి ఆర్డరు కూడా వేశాను.

"ఓసి పిచ్చిదానా!" బయటినుంచి స్వప్న కేక. "గీత అటుంటే ఇటెందుకు ఉరికొచ్చినవే?"

అప్పుడు తెలిసింది. అక్కడే కూలబడ్డాను. డానీ కుంటుకుంటూ వచ్చాడు.

"ఎందుకు తిరిగొచ్చావు?"

"మా ఆటలో ఎంతమందిని తాకినా, తిరిగి ఇంటికి చేరకపోతే ఔట్, కోచ్," అన్నాను. ఆ మాట అంటుంటే ఏడుపొచ్చింది. నిజంగా ఏడ్చాను.

ఆయన నా పక్కనే గడ్డిలో కూర్చున్నాడు. "ముందుకి పరిగెత్తడమొక్కటే నేర్పారు నాకు. ఒక్కో జట్టు కోసం ఒక్కో ఊరు పోయాను. మా ఊరు మాత్రం మళ్ళీ వెళ్ళలేకపోయాను," అన్నాడు. ఆయన కళ్ళు తడిశాయి. ఇక నా సెలక్షన్ ఖాయమనుకున్నాను.

"మీది చాలా మంచి ఆట," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. "వెళ్ళి అదే ఆడుకో."

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా శపథం చేస్తున్నాను: గెలుపు గీత దాకా వెళ్ళి ఈ జన్మలో మళ్ళీ వెనక్కి తిరగను. విజయనగరం వైపు ఏదైనా గీత కనిపిస్తే మాత్రం హామీ ఇవ్వలేను.