తొమ్మిదో నంబరు తపసి చెట్టు

వెల్దుర్తి పడమటి కొండ మీద తపసి చెట్లకు గాటు పెట్టి బంక తీయడం కొండమ్మకు అత్తవారింట అబ్బిన పని. గాటు లోతుగా దిగితే బంక ఎక్కువ కారుతుంది; చెట్టు రెండేళ్లలో చస్తుంది. తెలిసీ అందరూ లోతుగానే కొట్టారు. ఏ చెట్టు ఎవరిదన్న తగాదాలో పదకొండేళ్ల కిందట ఆమె భర్తను ఆ కొండ మీదే కొడవళ్లతో నరికారు. నరికినవాళ్లు జైలుకు వెళ్లి తిరిగొచ్చారు. ఆమె బంక తీయడం మానలేదు. అందులో గొప్పతనమేమీ లేదు. వేరే పని దొరకలేదు.

మూడేళ్ల కిందట భార్గవి అనే పరిశోధకురాలు కొండ ఎరిగిన మనిషి అవసరమై కొండమ్మను కుదుర్చుకుంది. ప్రతి చెట్టుకూ నంబరున్న రేకుబిళ్ల కట్టి, లేత ఆకు కోసి సంచిలో వేయాలి. ఆకులోని డీఎన్ఏలో చెట్టుకూ చెట్టుకూ మారే గుర్తులుంటాయి. ప్రయోగశాలలో అవి గీతలై కనిపిస్తాయి. మార్కర్లనే ఆ గుర్తులను పోల్చి, అంతరిస్తున్న జాతిలో వైవిధ్యం ఎంత మిగిలిందో తేలుస్తారు. అన్నీ ఒకే పోలికకు వస్తే ఒక్క తెగులు చాలు, జాతి మొత్తం పోవడానికి.

ఈ ఏడు మార్చిలో భార్గవి ఫోన్ చేసింది.

"అమ్మా, మన నలభై మూడు చెట్లలో నలభై రెండు దాదాపు ఒక తల్లి పిల్లలే. తొమ్మిదో నంబరు ఒక్కటే వేరు. ఆ గీతలు ఇంకెక్కడా దొరకలేదు. గింజ ముదిరేదాకా దాన్ని కాపాడాలి."

"ఎన్నాళ్లు?"

"మే నెల దాకా."

బంక తీసేవాళ్లలో ఒక కట్టడి ఉంది: నీరసించిన చెట్టు చుట్టూ సున్నపు గీత గీస్తే ఆ ఏడు దాన్ని ముట్టరు. సున్నం వానకు పోతుందని, కొండమ్మ ఎర్రరంగుతో రెండు గీతలు గీసింది. కలప కొట్టేవాళ్ల భాషలో ఎర్రగీత అంటే నరకడానికి కేటాయించిన చెట్టు. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

ఏప్రిల్ మూడో వారం, మిట్టమధ్యాహ్నం గొడ్డలి చప్పుడు విని ఆమె కొండెక్కింది. మరిది వెంకట్రామయ్య, అతని కొడుకు వెంకటేష్ అప్పటికే సగానికి పైగా నరికారు. మెత్తని కర్ర, ఎంతోసేపు పట్టదు.

"ఒరేయ్, ఆపు."

"రెండు గీతలున్నై వదినా, ముందు పోయేది ఇదే. కలప కాంట్రాక్టరోడు నరికి తోలుకుపోయేదాకా చూస్తా కూకోవాలా?"

"ఆ గీతలు గీసింది నేను."

"నువ్వెప్పుడు ఫారెస్టు ఆఫీసరమ్మవయినావే? పెద్దనాన్న పోయినాక ప్రమోషన్ ఇచ్చారా?" వెంకటేష్ నవ్వాడు.

ఆమె గొడ్డలి కామను రెండు చేతులా పట్టుకుంది. వెంకట్రామయ్య విదిలించి లాగాడు. అంచు ఆమె ముంజేతిని ఎముకదాకా చీల్చింది. ఆమె కిందపడి, చేతికందిన రాయితో అతని నోటి మీద కొట్టింది. అతను ఒరిగాక మళ్లీ కొట్టింది. అప్పుడామె చెట్టును కాపాడుతోందా, ఎవరో పడ్డ పదకొండేళ్ల నాటి బాకీ ఇతని మీద తీర్చుకుంటోందా అన్నది ఆమె కూడా చెప్పలేకపోయింది. తండ్రిని విడిపించబోయిన వెంకటేష్ వెనక చెట్టు పెళపెళమంది. అతను తిరిగి చూసేలోగా మోకాలి మీద పడింది.

వాడు అరుస్తున్నాడు. తండ్రి పళ్లు ఉమ్ముతున్నాడు. కొండమ్మ ముందు కాయలు కోసింది. వాటి నూగు గాయంలో గుచ్చుకుంటున్నా కొంగు నిండేదాకా ఆగలేదు. ఆ తర్వాతే మనుషుల్ని కేకేసింది. ఆ క్రమాన్ని ఊరు ఇంకా క్షమించలేదు, క్షమించవలసినదీ కాదేమో.

పచ్చిగింజలు ఒక్కటీ మొలవలేదు. జూన్ వానలకు మొద్దు పక్కన రెండు చిగుళ్లు లేచాయి. చిగురు ఆ చెట్టే, గీతలు మారవని భార్గవి చెప్పింది. ఆ మాట విన్న మర్నాడే వెంకట్రామయ్య మొద్దును తవ్విపారేస్తానని పంతం పట్టాడు.

రెండువైపులా కేసులున్నాయి. పెద్దమనిషి గోపాలకృష్ణయ్య ఇద్దరినీ కూర్చోబెట్టాడు.

"రాజీకి నీకేం కావాలి కొండమ్మా?"

"ఆ మొద్దు."

"మొద్దా?" వెంకట్రామయ్య మాట పళ్ల సందుల్లోంచి జారింది. "నా కొడుకు కాలు పోయింది."

"నా చెయ్యి ముడుచుకోదు. అదడిగానా? నువ్వు గానీ, నీ మేకలు గానీ దాని జోలికి రాకుండా రాసియ్యి. కేసు తీసేస్తా."

"మా అన్నను చంపినోళ్లు కాళ్లట్టుకున్నా రాజీ పడలేదు గదా నువ్వు."

"వాళ్లకాడ ఇయ్యడానికేముంది?"

వెంకట్రామయ్య రాజీ కాగితం ముందుకు లాక్కుని సంతకం పెట్టాడు.