బాలింత ఇంటి గ్యాసు కట్టేసిన ఉగిలాయ్

మా ఊరు మార్గిలాన్‌లో ఇళ్ళను వెచ్చబెట్టే గ్యాసు బాయిలర్లు బాగుచేసేవాళ్ళకు కరువు లేదు. నోరు మూసుకుని పని చేసుకుపోయేవాడు కావాలంటే బజారు మలుపులో ఎవరినైనా పిలుచుకోవచ్చు. ఉగిలాయ్‌ని పిలిస్తే మాత్రం తిట్లు ముందు, పానా తర్వాత. వచ్చి బాయిలర్ ముందు గొంతుక్కూర్చుంటుంది, మూత తీసి మంట రంగు చూస్తుంది, ఆ తర్వాత ఇంటాయన వైపు తిరిగి, "దీన్ని ఇలా తగలేసిన తెలివైనవాడు ఎవరు?" అని అడుగుతుంది. ఆ తెలివైనవాడు సాధారణంగా ఇంటాయనే అయివుంటాడు.

ఉగిలాయ్ వాళ్ళ నాన్నకు వరసగా ఆడపిల్లలే. ఈసారితోనైనా ఆగాలని, ఆఖరిపిల్ల పేరులో 'కొడుకు' అన్న మాట కలిపి ఉగిలాయ్ అని పెట్టాడు. అలా పెడితే తర్వాత మగపిల్లాడు పుడతాడని మావాళ్ళ ఆశ. పుట్టలేదు. "నేనున్నాగా, ఇంకొకడెందుకు?" అనేది ఉగిలాయ్. చదువు కాగానే పట్టుమిల్లులో బాయిలర్ గదిలో చేరింది. ఆ రోజుల్లో అక్కడ ఆవిరి కాసేది ఎక్కువగా ఆడవాళ్ళే. మిల్లు మూతపడ్డాక తోటివాళ్ళు బజారులో పొద్దుతిరుగుడు గింజలు అమ్ముకోవడానికి కూర్చున్నారు. ఈవిడ సామాన్ల పెట్టె చంకన పెట్టుకుని ఇళ్ళ మీద పడింది.

మొదట్లో మగవాళ్ళు ఊరుకోలేదు. "ఆడదానివి, బాయిలర్ కింద దూరి నువ్వేం చూస్తావ్?" అన్నాడు మా వీధి కిరాణా కొట్టు యజమాని నసీబ్. "నీ పెళ్ళాం రోజంతా పొయ్యి ముందు కూర్చుంటే లేని తప్పు, నేను దాని కింద దూరితే వచ్చిందా?" అని ఆయన కాళ్ళ మధ్యనుంచే లోపలికి పాకిపోయింది. ఈ నసీబే ఇంకో చలికాలం, మంట మాటిమాటికీ ఆరిపోతోందని బాయిలర్ బొత్తాం నొక్కినట్టే ఉండాలని కొమ్మముక్క చెక్కి ఇరికించాడు. మంట ఆరితే గ్యాసు తనంతట తాను ఆగిపోవాలి, అందుకే ఆ బొత్తాం. పుల్ల పెడితే గ్యాసు ఆగదు, ఇల్లు పేలిపోయేదాకా ఆగదు. ఉగిలాయ్ ఆ పుల్ల లాగి విరిచి ఆయన తాగుతున్న టీ గిన్నెలో పడేసింది.

"ఇంకోటి చెక్కుకుంటాలే," అన్నాడు నసీబ్ రోషంగా.

"చెక్కుకో. కాస్త పొడుగ్గా చెక్కు, పాడెకి పనికొస్తుంది."

నిజానికి ఆయన బాయిలర్‌లో పెద్ద జబ్బేం లేదు. మంటకు ఆనుకుని ఉండే రాగి పుల్ల మసిబారిపోయింది. గుడ్డముక్కతో తుడిస్తే సరిపోయింది. సగం ఇళ్ళలో సంగతి అంతే. గది వెచ్చబెట్టే రేడియేటర్ కింద వెచ్చగా, పైన చల్లగా ఉందంటే అందులో గాలి చేరినట్టు. గొట్టాల్లో గుడగుడమని చప్పుడు వస్తోందంటే అటకమీది డబ్బాలో నీళ్ళు ఇంకిపోయినట్టు. మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా ఆడుతోందంటే దానికి గాలి అందట్లేదు. ఇవన్నీ పక్కింట్లో ఉంటూ చూసీ చూసీ నాకూ వచ్చేశాయి. నా చేతికి పానా మాత్రం ఇవ్వదు. "నువ్వు రొట్టెలు కాల్చుకో చెల్లీ, ఆ పని నీకు బాగా చేతనవును," అంటుంది.

ఇంత చేసినా ఆమె అడుగు పెట్టకూడని ఇళ్ళు మా వీధిలో ఉండేవి. ఉగిలాయ్‌కి ముగ్గురు పిల్లలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోసారి తర్వాత మొగుడు వేరే కాపురం పెట్టుకున్నాడు. మా దగ్గర బిడ్డ పుట్టాక నలభై రోజులు చిల్లా పాటిస్తారు. తల్లీబిడ్డలను గది దాటనివ్వరు, చలిగాలి తగలనివ్వరు, పరాయివాళ్ళను రానివ్వరు. అందరికంటే ముఖ్యంగా, పిల్లలు దక్కని ఆడదాన్ని గుమ్మం దగ్గరికి కూడా రానివ్వరు, నీడ పడుతుందట. చిల్లా నడుస్తున్న ఇంట్లో బాయిలర్ చెడితే వేరేవాణ్ణి పిలుచుకునేవాళ్ళు. వీధిలో ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఆమె మాత్రం పకపకా నవ్వేది. "నా నీడకంత బలముంటే ముందు గ్యాసాఫీసు మీద పడేస్తానుగా!" అనేది.

ఆ ఏడు చలి మామూలుగా లేదు. పంపు తిప్పితే నీళ్ళ బదులు మంచుముక్కలు రాలేవి. గ్యాసు సన్నగా, వచ్చీరానట్టు వచ్చేది. వీధి మొత్తం బాయిలర్లు ఆరిపోవడం, వెలిగించుకోవడం, గ్యాసువాళ్ళను తిట్టుకోవడం. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఎదురింటి తోజీహాన్‌కి మనవడు పుట్టాడు. ఏళ్ళ తరబడి ఎదురుచూసిన మనవడు. తోజీహాన్ కాలు నేలమీద నిలవలేదు. కోడలు మోహిరా ఉండే గది కిటికీల సందుల్లో కాగితం అంటించింది. గోడకు పైన ఉన్న గాలికంతలో బొంత చింపి దూది కుక్కింది. బాయిలర్ ఎదుటి గదిలోనే ఉంటుంది. వేడి రావాలని మధ్య తలుపు బార్లా తీసిపెట్టింది.

నేను గోధుమపిండి వేయించి అటలా చేసి బాలింతకు పట్టుకెళ్ళాను. నా పిల్లలు నలుగురూ బతికి బట్టకట్టారు కాబట్టి నన్ను రానిస్తారు. మోహిరా గిన్నె ముట్టుకోలేదు. మొహం పాలిపోయింది. "తల పగిలిపోతోందండీ, కడుపులో తిప్పుతోంది," అంది. "పురుడన్నాక ఉంటాయిలే," అంది తోజీహాన్. "నా మనవణ్ణి చూడు, ఎంత బుద్ధిమంతుడో! పాలకి కూడా లేవడు." ఏమో, నాకు మనసు మనసులో లేదు. గిన్నె పట్టుకుని బయటికి వచ్చేసరికి ఉగిలాయ్ సామాన్ల పెట్టెతో మంచులో నడుచుకుంటూ వస్తోంది.

"ఏంటి చెల్లీ, మొహం అలా వేలాడేశావు? అటలా మాడ్చావా?"

"మాడలేదు. మోహిరాయే తినలేదు. తలనొప్పి, వికారమట. బిడ్డ మాత్రం ఒకటే నిద్ర."

ఆమె ఆగిపోయింది. "వాళ్ళ బాయిలర్ ఆరిపోతోందని అన్నావు కదూ?"

"నిన్నటిదాకా. మోహిరా మొగుడు బోతిర్ ఏదో తీగ కలిపాడట. ఇప్పుడసలు ఆరట్లేదని తోజీహాన్ సంబరపడుతోంది."

ఉగిలాయ్ తలెత్తి ఇంటికప్పులకేసి చూసింది. నేనూ చూశాను. వీధి పొడుగునా చిమ్నీల్లోంచి తెల్లగా ఆవిరి లేస్తోంది. తోజీహాన్ చిమ్నీ మూతికి మంచు గడ్డకట్టి, గడ్డంలా కిందికి వేలాడుతోంది. దాన్లోంచి ఆవిరి పోగు కూడా రావడం లేదు.

"అందరికీ గ్యాసు తక్కువై ఆరిపోతుంటే వీళ్ళకి పొగ పోక ఆరిపోయింది," అంది ఉగిలాయ్. "పొగ ఇంట్లోకి తిరిగితే మంట ఆపెయ్యాలని ఒక మీట ఉంటుంది. ఆ బాయిలర్ అరిచి చెప్తుంటే, వీడు తీగ కలిపి దాని నోరు కట్టేశాడు!"

పొగంటే కంటికి కనబడే పొగ కాదు. వాసన ఉండదు, రంగు ఉండదు. మా ఊళ్ళో ప్రతి చలికాలం ఒకటి రెండు ఇళ్ళు దానికి బలవుతాయి. మనిషి పడుకున్నవాడు పడుకున్నట్టే ఉంటాడు.

తోజీహాన్ గేటు తీసి, ఎదురుగా ఉగిలాయ్‌ని చూసి రెండు చేతులూ అడ్డం పెట్టింది. "నువ్వా! ఈ ఇంట్లో చిల్లా నడుస్తోందని తెలీదూ?"

"తెలుసక్కా. నేను గడప తొక్కను. తల్లినీ బిడ్డనీ మీరే బయటికి తీసుకురండి. ఇప్పుడే."

"ఈ మంచులోకా? చంటిబిడ్డనా? మతి పోయిందా నీకు?"

"ఇంట్లో విషం తిరుగుతోంది."

"విషం నీ నోట్లో ఉంది. నీకు దక్కలేదని నాకూ దక్కకూడదనా?"

ఆ మాటకు నేను తోజీహాన్ జుట్టు పట్టుకునేదాన్నే. ఉగిలాయ్ మాత్రం గిరుక్కున తిరిగి గోడ పక్కకు వెళ్ళింది. మా వీధుల్లో గ్యాసు గొట్టాలు గోడల మీదుగా పోతాయి, పసుపురంగు వేసి. ప్రతి ఇంటికీ ఒక వాల్వు బయటే ఉంటుంది. పానా తీసి, ఆ వాల్వు చివరిదాకా బిగించేసింది.

ఇక చూడాలి గోల! తోజీహాన్ గుండెలు బాదుకుంది. బోతిర్ మంచు ఎత్తే పార పట్టుకుని పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. ఇరుగుపొరుగు గేట్లన్నీ తెరుచుకున్నాయి. నసీబ్ కొట్టు వదిలేసి మరీ వచ్చాడు. "బాలింత ఇంటి గ్యాసు కట్టేసింది! ఈ చలిలో!" అని తోజీహాన్ అరుపులు వీధి చివరిదాకా వినిపించాయి.

"వాల్వు తియ్యి పిన్నీ," అన్నాడు బోతిర్ పళ్ళు బిగించి. "పెద్దదానివని చూస్తున్నా."

"చూడకు. ఆ పారతో నన్ను కొట్టు, తర్వాత నువ్వే తిప్పుకో. నేను ప్రాణంతో ఉండగా మాత్రం తిప్పనివ్వను."

ఆమె వాల్వుకు వీపు ఆనించి నిలబడింది. చెప్తే నమ్మరు, అక్కడున్నవాళ్ళలో నేను తప్ప ఒక్కరూ ఆమె పక్షాన లేరు. ఎవరో మంచుముద్ద కూడా విసిరారు. అది తుడుచుకుంటూ ఆమె ఒకే ఒక మాట అడిగింది.

"ఇంతమంది ఇంత రచ్చ చేస్తున్నాం. మోహిరా కిటికీ దగ్గరికొచ్చి ఏమైందని అడిగిందా?"

"నిద్రపోతోందేమో," అంది తోజీహాన్.

"లేపండి."

"మోహిరా!" అని పిలిచింది తోజీహాన్. "అమ్మా మోహిరా!" అని మళ్ళీ పిలిచింది. లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు.

అప్పుడు కూడా ఆ మహాతల్లి, "నేను వెళ్తా, నువ్వు ఆగు! నువ్వు లోపలికి రాకు!" అంటూ ఉగిలాయ్ చెయ్యి పట్టుకుంది. ఉగిలాయ్ ఆమెను ఒక్క తోపు తోసింది. తోజీహాన్ మంచులో కూలబడింది. "బోతిర్, ఊపిరి బిగబట్టి నా వెనకే రా," అని అరుస్తూ ఉగిలాయ్ గడప దాటింది. ముందు పగిలింది కిటికీ అద్దం. తర్వాత రెండోది. తర్వాత బోతిర్ మోహిరాను భుజాన వేసుకుని బయటికొచ్చాడు. ఆ వెనకే ఉగిలాయ్, చేతుల్లో బిడ్డ.

బిడ్డ తల వాలిపోయి ఉంది. ఉగిలాయ్ మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, పొత్తిగుడ్డ విప్పి, మసిచేతులతోనే ఆ చిన్ని అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టింది. రుద్దుతూ తిట్టింది. "లేరా దొంగవెధవా! లే! ముగ్గుర్ని మట్టిలో పెట్టా, నాలుగోవాణ్ణి పెట్టను! వింటున్నావా? నిన్ను పెట్టను!" నోట్లోకి గాలి ఊదింది, మళ్ళీ తిట్టింది. నేను ఏడుస్తూ దేవుణ్ణి తలుచుకుంటున్నా. నసీబ్ తలమీద టోపీ తీసి చేత్తో నలుపుతున్నాడు. బిడ్డ నోరు తెరిచాడు. మొదట పిల్లికూనలా సన్నగా మూలిగాడు, తర్వాత కేరుమని ఏడ్చాడు. ఆ ఏడుపు వినగానే వీధి వీధంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది.

అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రిలో తల్లికీ బిడ్డకీ ప్రాణవాయువు పెట్టారు, గండం గడిచింది. మర్నాడు బోతిర్ తల దించుకుని ఉగిలాయ్ గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆమె వెళ్ళి కప్పెక్కి మంచు పగలగొట్టింది, చిమ్నీ గొట్టానికి ఉన్ని చుట్టి రేకు కట్టింది, గాలికంతలో దూది పీకి పారేసింది. వాల్వు మాత్రం తిప్పలేదు. "ఆ తీగ ముందు నీ చేత్తో నువ్వే పీకు," అంది బోతిర్‌తో. అతను పీకాడు. అప్పుడు తిప్పింది.

తోజీహాన్ మారిందనుకుంటున్నారా? మనవణ్ణి కాపాడింది ఆసుపత్రివాళ్ళేనని చెప్పుకు తిరిగింది. మా వీధిలో సగం మంది తలలూపారు. నీడ పోవాలని గది గదికీ ఇసిరిక్ ఆకు కాల్చి పొగ వేసింది. ఉగిలాయ్ తెరిచిన కంతలోంచి ఆ పొగంతా చక్కగా బయటికి పోయింది. బిడ్డ తుమ్మితే ఉగిలాయ్ వల్ల, దగ్గితే ఉగిలాయ్ వల్ల. ఉగిలాయ్ ఒకసారైనా ఆ ఇంటికేసి చూసి పిల్లాడెలా ఉన్నాడని అడగలేదు. నన్ను మాత్రం రోజూ అడిగేది.

చిల్లా తీరాక తల్లీబిడ్డలను మొదటిసారి గడప దాటించి ఎవరింటికైనా తీసుకెళ్ళడం మా ఆనవాయితీ. ఆ మొదటి ఇంటి అదృష్టమే బిడ్డకు వస్తుందని పిల్లాపాపలతో నిండిన ఇల్లు వెతుకుతారు. తోజీహాన్ తన అక్క ఇల్లు ఖాయం చేసింది. అక్కడ పన్నెండుమంది మనవలు, పులావు పొయ్యి మీదుంది, కారు గేటు ముందుంది. మోహిరా గేటు దాటి బయటికొచ్చింది. కారు ఎక్కలేదు. బిడ్డను గుండెకు హత్తుకుని వీధికి అడ్డంగా నడవసాగింది.

"ఎటే? ఎటు పోతున్నావ్?" అంది తోజీహాన్.

అత్తకు ఎదురుచెప్పడం ఆ పిల్లకు అంతవరకూ తెలీదు. "మొదటి ఇల్లు ఇదే అత్తయ్యా," అంది. ఆగలేదు.

ఉగిలాయ్ ముంగిట్లో ఎవరిదో బర్నర్ విప్పుకుని కూర్చుని ఉంది. తలెత్తి చూసి, గబుక్కున లేచి, చేతులు వెనక్కి దాచుకుంది. ఎవరికీ బెదరని ఆ మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది.

"దగ్గరికి రాకమ్మా. నా చేతులు మసి."

"ఆ రోజూ మసే కదా పిన్నీ," అంది మోహిరా. బిడ్డను ఆమె చేతుల్లో పెట్టింది.