నాడె పడవ

మా ఇంట్లో ఏ వస్తువూ చెత్తబుట్ట దాకా పోదు. చిరిగిన లంగా దిండు గలీబు అవుతుంది, పెళ్లి కార్డు పిట్టవుతుంది, దారం చుట్టే ప్లాస్టిక్ కండెలు పగిలితే గుమ్మానికి తోరణమవుతాయి. "నేను సుత పాతవడ్డనే. నన్నేం జేస్తవో జర ముందే జెప్పు" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయన సిరిసిల్లలో సాంచలు నడుపుతాడు. సాంచలంటే మా దగ్గర పవర్‌లూమ్‌లు. ఆయన పారేసిన సామానంతా నాకు కావలసిందే.

ఆ వారం మా బిడ్డ కోరుట్ల నుంచి వచ్చి, మూడేళ్ల కూతుర్ని నా దగ్గర దింపి, పరీక్ష రాయడానికి జగిత్యాల పోయింది. పిల్ల పొద్దంతా సాంచల గది గడప మీదే. దారాన్ని అటూ ఇటూ మోసే పడవలాంటి కర్రముక్కను నాడె అంటాం. అందులో దారం అయిపోగానే మా ఆయన కొత్త కండె పెట్టి, నాడె పక్కనున్న బెజ్జానికి నోరానించి గట్టిగా పీలుస్తాడు. దారం కొస బయటికి వచ్చేస్తుంది. ఇక్కడ చాలామంది చేసేది అదే. పిల్లకు మాత్రం అది గారడీ. తాత పీల్చినప్పుడల్లా చప్పట్లు కొట్టేది.

ఆ సంబరం చూసి, పగులు పట్టిన పాత నాడెతో పడవ చేశాను. లోపల పెళ్లి కార్డు పిట్ట. పిట్టకు కట్టిన దారాన్ని అదే బెజ్జంలోంచి బయటికి తీసి, కొసకు తెగిన పట్టీల్లోని మువ్వ కట్టాను. మువ్వ పట్టుకుని లాగితే పిట్ట లేచి నిలబడుతుంది. నాకే ముచ్చటేసింది. పడవ పిల్ల చేతికిచ్చి, మిగిలిన ముక్కలు సర్దుకుంటూ కూర్చున్నాను.

దగ్గు వినబడి తలెత్తాను. పడవ పిల్ల నోటి దగ్గర ఉంది. బెజ్జంలోంచి దారం వేలాడుతోంది, దాని కొసకు మువ్వ లేదు. మువ్వను వేళ్లతో లాగాలని పిల్లకు తోచనే లేదు. తాతలాగా నోరానించి పీల్చింది.

పిల్ల ఇంకోసారి దగ్గి, కళ్లనిండా నీళ్లతో నన్ను చూసి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే నన్ను చంపేసింది. నోట్లో వేలు పెట్టి చూశాను, ఏమీ తగల్లేదు. కింద వెతుకుదామంటే నేల మీదంతా గుడ్డపీలికలు, అట్టముక్కలు, గుండీలు. అందులో మువ్వ ఉన్నా ఎట్లా కనబడుతుంది? జన్మలో మొదటిసారి నా సామాను మీద నాకే అసహ్యం పుట్టింది.

పిల్లను ఎత్తుకుని సాంచల గదిలోకి ఉరికాను. ఆ మోతలో నా కేక నాకే వినబడలేదు. మా ఆయన భుజం పట్టి లాగాను. "బంద్ జెయ్! పిల్ల మువ్వ మింగింది! ఊపిరి ఎట్లుందో ఇనాలె, బంద్ జెయ్!"

సాంచలన్నీ ఆగాయి. పిల్ల రొమ్ముకు చెవి ఆనించాను. నా గుండె చప్పుడే తప్ప ఏదీ తెలియలేదు. లోపల పిల్లికూతలు ఉన్నాయా, లేవా? ఉన్నాయనిపించేది, మళ్లీ లేవనిపించేది. ఆటోలో ఆసుపత్రికి పోతున్నంతసేపూ చెవి తియ్యలేదు. మా ఆయన ఆటో అబ్బాయిని తొందరపెడుతూనే ఉన్నాడు.

ఎక్స్‌రే చూసి డాక్టరమ్మ చెప్పింది. "భయపడకుండ్రి. ఊపిరితిత్తులల్ల లేదు, కడుపులకు దిగింది. దొడ్డికి పోతే అదే వస్తది."

అప్పుడే బిడ్డ ఫోన్ చేసింది. పరీక్ష బాగా రాసిన సంతోషం గొంతులో తెలుస్తోంది. "అమ్మా, పిల్లేం జేస్తుంది?"

దాచాలనిపించింది. చివరికి చెప్పాను. "మువ్వ మింగింది బిడ్డా. కడుపుల ఉంది, పానానికేం గాదన్నరు." బిడ్డ "బస్సెక్కుతున్న" అని పెట్టేసింది.

మర్నాడు మువ్వ బయటపడింది. దాన్ని కడిగి బిడ్డ చేతిలో పెట్టాను. బిడ్డ నా వైపు చూడకుండా దాన్ని కొంగుకు ముడేసుకుంది. హమ్మయ్య అనుకుని గోడకు ఒరిగి కూర్చున్నాను. మా ఆయన సాంచలు మళ్లీ నడపబోతూ, నాడెలో కండె పెట్టి, అలవాటుగా నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. పిల్ల గడప మీది నుంచి ఉరికి వచ్చి ఆయన మోకాళ్లు పట్టుకుని ఏడుపు అందుకుంది.

"వద్దు తాతా! కడుపులకు పోతది! దవాఖానకు పోవాలె!"

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఎన్నో ఏళ్లుగా వింటున్న దగ్గే, సాంచల మోతలో కలిసిపోయే దగ్గు. ఆ రోజు మోత లేదు. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఇన్నేళ్లూ దారంతో పాటు ఆ నూలు దుమ్మంతా ఆయన ఎక్కడికి పీల్చుకున్నాడో అప్పుడు తట్టింది.

బిడ్డ చూస్తోందని కూడా సిగ్గుపడలేదు. దగ్గరికి పోయి ఆయన రొమ్ముకు చెవి ఆనించాను. నిన్న పిల్ల రొమ్ములో వెతికిన పిల్లికూతలు ఇక్కడున్నాయి. స్పష్టంగా, ప్రతి ఊపిరికీ.

"ఎప్పటిసంది?" అని అడిగాను.

"మస్తు దినాలాయె" అన్నాడు, నాడెను నా చేతికిస్తూ. "సాంచలు బంద్ జేస్తెనే గదనే ఇనవడేది."